గేజీలో ముల్లు పచ్చగానే ఉంది

ముప్పై రెండేళ్లు నేను మంటలార్పే సిలిండర్లు నింపాను. గుంటూరు బ్రాడీపేటలో, ఒక కోచింగ్ సెంటరు వెనక సందులో మా వర్క్‌షాప్. అటు దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు, ఇటు చీమకుర్తి గ్రానైట్ యూనిట్లు, మధ్యలో పత్తి మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, ఆస్పత్రులు, అపార్ట్‌మెంట్లు అన్నీ మేం తిరిగిన చోట్లే. పని బాగా చేశానని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. నేను సీలు వేసిన సిలిండరంటే మళ్లీ చూడక్కర్లేదనేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ఆ మాట అబద్ధమైన సంగతి ఒకటి ఉంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నా గొప్పలన్నిటికన్నా అదే ఎక్కువ పనికొస్తుందని రాస్తున్నాను.

పని గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు. మనం ఎక్కువగా నింపేది పొడి సిలిండర్లు. లోపల పిండి కన్నా మెత్తటి పొడి, దాని మీద గ్యాస్ ఒత్తిడి. పిన్ను లాగి పిడి నొక్కితే గ్యాస్ ఆ పొడిని బయటకు తోస్తుంది, పొడి మంటను కప్పేస్తుంది. మెడ దగ్గర చిన్న గేజీ ఉంటుంది. ముల్లు పచ్చరంగు మీద ఉంటే లోపల గ్యాస్ ఉన్నట్టు. అంతవరకే. పొడి ఎలా ఉందో ఆ ముల్లుకు తెలియదు. పొడికి తడి తగిలితే గడ్డ కడుతుంది. అప్పుడు పిడి నొక్కితే గ్యాస్ ఒక్కటే బుస్సుమని పోతుంది, పొడి లోపలే కూర్చుంటుంది. కొన్నేళ్లకోసారి సిలిండర్‌ను నీళ్లతో నింపి ఒత్తిడి పరీక్ష చేస్తాం కదా, ఆ తరవాత లోపల పూర్తిగా ఆరందే పొడి పోయకూడదు. ఇదంతా నేను ట్రైనింగులిచ్చేటప్పుడు ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

రిటైరవడానికి ఏడేళ్ల ముందు మాట. పర్చూరు దారిలో ఉన్న, పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లు నుంచి నలభై రెండు సిలిండర్లు ఒత్తిడి పరీక్షకు వచ్చాయి. సీజను మొదలవబోతోంది. చీమకుర్తిలోని ఒక గ్రానైట్ యూనిట్‌వి పదహారు కూడా వచ్చి ఉన్నాయి. అన్నీ కలిపి ఒకేసారి పరీక్ష పూర్తి చేశాం. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ మొహం లేదు. వర్క్‌షాప్ గోడలు కూడా చెమ్మగిల్లాయి.

నాతో పాటు అక్కడ ఒకావిడ పనిచేసేది. మంగళగిరి నేతవాళ్ల ఇంటి మనిషి. మగ్గం మీద పని తగ్గాక మా దగ్గర చేరింది. తూకాలు చూడటం, రిజిస్టరు రాయడం ఆవిడ పని. కానీ చేరిన రెండేళ్లకే మొత్తం పని నేర్చేసుకుంది. పొడిని రెండు వేళ్ల మధ్య నలిపి బాగుందో లేదో చెప్పేది. ఆ రోజు ఆవిడ వరసగా సిలిండర్లలోకి టార్చి వేసి చూసి నా దగ్గరకు వచ్చింది.

"సార్, ఇవి ఆరలేదండి. అడుగున మెరుస్తా ఉంది."

నేనూ చూశాను. మెరుస్తోంది.

"గాలి కొట్టాం కదమ్మా. ఆ కాస్త చెమ్మ ఏం చేస్తుందిలే."

"పొడి పోశాక అది యాడికి పోద్దండి? లోపలే ఉండిద్ది. ఇట్టాంటి ముసురుకి మా ఇంట్లో గంజి పెట్టిన నూలు రెండ్రోజులైనా ఆరేది కాదు. ఎల్లుండి నింపుదాం సార్."

"ఎల్లుండికి మిల్లు తిరగడం మొదలవుద్ది. ఆ మేనేజరు పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. కానివ్వండి. నేను చూసుకుంటాను."

ఆవిడ వెళ్లి రిజిస్టరు తెరిచింది. సాయంత్రానికి నింపేశాం. రెండు చిన్న సిలిండర్లు కూడా అదే విడతలో నింపాం. ఒకటి మా యజమాని ఇంటిది, ఒకటి మా ఇంటిది. మొత్తం అరవై. గ్యాస్ ఎక్కించాను. అరవై గేజీల్లోనూ ముల్లు పచ్చ మీద నిలబడింది. ట్యాగులన్నిటి మీదా నేనే సంతకం పెట్టాను. ఎందుకు అంత తొందరపడ్డానని చాలాసార్లు ఆలోచించాను. మేనేజరు ఫోన్లు ఒక సాకు. అసలు సంగతి, ఇరవై అయిదేళ్లలో నా చేతి మీదుగా వెళ్లిన సిలిండరు ఒక్కటీ ఫెయిల్ కాలేదు. నా చేత్తో నింపితే చాలు, పని చేస్తుందని నాకు నమ్మకం కుదిరిపోయింది.

రెండు నెలలు గడిచాయి. మిల్లులో పనివాళ్లకు మంటలార్పడం నేర్పమని పిలిస్తే వెళ్లాను. సీజను మంచి ఊపు మీద ఉంది. గేటు బయట పత్తి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. పొద్దున టీ విరామంలో మిషన్లు ఆపి, అందరినీ పత్తి కుప్పలకు దూరంగా ఖాళీ స్థలంలోకి పిలిచారు. నలభై మందికి పైనే, ఎక్కువమంది ఆడవాళ్లు, తలకు గుడ్డలు, జుట్టు మీద, కనురెప్పల మీద దూది నూగు. సగానికి కోసిన డ్రమ్ములో కట్టెలూ చెత్త దూదీ వేసి అంటించాను. లోపలి గోడ మీద నుంచి ఒక సిలిండరు తెప్పించాను. గేజీ చూపించాను.

"ముల్లు పచ్చ మీద ఉందా? ఉంది. అంటే సిలిండరు రెడీ. పిన్ను లాగాలి, మంట మొదలు మీదికి గురిపెట్టాలి, పిడి నొక్కాలి. చూడండి."

నొక్కాను. బుస్సుమంది. పైపు కొస నుంచి చారెడు పొడి రాలింది. తరవాత ఉత్త గాలి. ఆ గాలికి మంట ఇంకా లేచింది.

నవ్వులు మొదలయ్యాయి. నేను సిలిండరు ఊపి మళ్లీ నొక్కాను. ముల్లు సున్నాకు పడిపోయింది. అప్పుడు ముందు వరసలో నుంచి ఒకామె లేచింది. యాభై ఏళ్లుంటాయి, జిన్నింగ్ మిషన్లకు పత్తి అందించే మనిషి. పక్కనున్న నీళ్ల బకెట్టు తీసుకుని వచ్చి డ్రమ్ములో కుమ్మరించింది. మంట ఆరిపోయింది. బకెట్టు కింద పెట్టి నా వైపు తిరిగింది. ఆమె నవ్వలేదు.

"అయ్యా, ఇదే లోపల దూది గదిలో అంటుకుంటే? దీన్ని నమ్ముకుని నిలబడితే మేం ఏం గావాల?"

ఆ క్షణంలో నా కళ్ల ముందు కనపడింది మా వర్క్‌షాప్‌లో టార్చి వెలుగులో మెరిసిన ఆ తడి.

మేనేజరు నన్ను పక్కకు లాక్కుపోయాడు. మంచివాడే, కంగారు మనిషి.

"పోనీయండి, ఒకటి ఫెయిలయింది. ఇంకోటి తెప్పించి కొట్టి చూపించండి. గోల వదిలిపోద్ది."

"ఇంకోటి తెప్పించండి. కానీ కొట్టను, విప్పుతాను" అన్నాను.

అయిదు తెప్పించి, గ్యాస్ వదిలేసి, ఒక్కొక్కటే మూత విప్పాను. మొదటిది తలకిందులు చేస్తే పొడి జారలేదు. ఇనప చువ్వతో పొడిస్తే పాత సున్నం పెళ్లలా ఊడింది. రెండోది బాగానే ఉంది. మూడు, నాలుగు గడ్డ. అయిదోది సగం. అప్పటికి నలుగురైదుగురు ఆడవాళ్లు మా వెనకే వచ్చి నిలబడి చూస్తున్నారు.

మీకు ఒక మాట చెప్పాలి. అక్కడ తప్పించుకోవడానికి నాకు దారులున్నాయి. పొడి కంపెనీ మీదికి తోసేయొచ్చు. మిల్లులో తేమ ఎక్కువన్నా నమ్మేవాళ్లే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ వెనక నిలబడ్డ ఆ పెద్దామె నా చేతిలోని గడ్డనే చూస్తోంది.

"మిల్లు ఆపాలండి" అన్నాను మేనేజరుతో. "నలభై రెండూ నేను ఒకే రోజు నింపాను. లోపల తడి ఆరకముందే నింపాను. తప్పు నాది. ఏది పని చేస్తుందో, ఏది చేయదో నేను చెప్పలేను."

"ఏందండీ మీరు మాట్లాడేది? గేటు బయట చూశారా? మీ సిలిండర్లు పని చేయకపోతే నేను సీజన్లో మిల్లు ఆపాలా?"

ఆయనకు జవాబు నేను చెప్పలేదు. ఆ పెద్దామె చెప్పింది.

"నింపినాయనే పని చేయవని చెప్తంటే మమ్మల్ని లోపలికి ఎట్టా పొమ్మంటారు సారూ?" అని అక్కడే షెడ్డు నీడలో కూలబడింది. ఆమె పక్కన ఇంకొకామె, తరవాత ఇంకొకామె. రెండు నిమిషాల్లో అందరూ కూర్చున్నారు. మేనేజరు కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి మిషన్ల దగ్గరకు మనిషిని పంపించి, ఇవాళ తిప్పొద్దని చెప్పించాడు.

మా యజమానికి ఫోన్ చేశాను.

"అందరి ముందూ ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నానండి."

"గుంటూరు వచ్చాక మాట్లాడదాం" అని పెట్టేశారు.

తరవాత వర్క్‌షాప్‌లో ఉన్న ఆవిడకు చేశాను. ఈ ఫోనే నాకు కష్టమైంది. సంగతి చెప్పాను. నేను చెప్పలేదా అంటుందని ఎదురు చూశాను. ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఎన్ని కావాలి సార్?"

మధ్యాహ్నం మూడు దాటాక ఒక గూడ్స్ ఆటో మిల్లు గేట్లోకి వచ్చింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఆవిడ, వెనక ఇరవై ఆరు సిలిండర్లు. మా దగ్గర స్పేరువి పద్నాలుగే ఉండేవి. మిగతా పన్నెండు మా పక్క వీధిలోని పోటీ షాపు నుంచి అడిగి తెచ్చింది. ఆ షాపు ఆయనా నేనూ ఎనిమిదేళ్లుగా పలకరించుకోలేదు. ఆవిడకు ఆ గొడవతో పనేముంది?

దించాక నేను ఒక సిలిండరు తీసి, పని చేస్తుందని చూపించబోయాను. పెద్దామె లేచి వచ్చింది.

"అది కాదు. ఆ వెనక మూలది తియ్యి."

మూలది తీశాను. ఆమె చేతికే ఇచ్చాను. పిన్ను లాగి నొక్కింది. పొడి పొగలా లేచి డ్రమ్మును కప్పేసింది. ఆమె చీర కూడా తెల్లబడింది. అప్పుడు నవ్వింది. మేనేజరు అది చూసి అక్కడికక్కడే ఒక షరతు పెట్టాడు. ప్రతి ఏడూ సర్వీసు చేసి తెచ్చినప్పుడు ఒకటి కొట్టి చూపించాలి, ఏది కొట్టాలో మిల్లు పనివాళ్లే చెప్పాలి. తరవాత ఈ షరతు నేనే మా కస్టమర్లందరికీ నేర్పాను. మీరూ అడిగించుకోండి. ఏది తీసినా సరే అనగలిగితేనే మీ పని పూర్తయినట్టు.

సాయంత్రం వర్క్‌షాప్‌కు వచ్చి రిజిస్టరు తెరిచాం. ముసురు రోజు పేజీలో అరవై నంబర్లూ వరసగా ఉన్నాయి. చివరి గడిలో ఆవిడ గుండ్రటి దస్తూరి: "లోపల తడి గమనించాను. సార్ నింపమన్నారు." రెండు నెలలుగా అది అక్కడే ఉంది. రోజూ నేను ఆ రిజిస్టరులోనే సంతకాలు పెడుతున్నాను. చదవలేదు.

"ఇది అప్పుడే నాకు చూపించాల్సింది కదమ్మా."

"చెప్పాను కదండీ. మీరు వినలేదని రాశాను" అంది. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అంది.

ఇంటికి వెళ్లి మా ఆవిడకు జరిగిందంతా చెప్పాను. రేపు చీమకుర్తి వెళ్లాలని, యజమాని ఇంటిది మార్చాలని లెక్కపెడుతున్నాను. ఆవిడ పొయ్యి కట్టేసి, వంటింటి తలుపు పక్కన ఉన్న సిలిండరు తీసి నా ముందు పెట్టింది.

"ఊళ్లోవాళ్లవి తరవాత మారుద్దురుగాని. రెండు నెలల నుంచి దీని పక్కన నిలబడి నేను గారెలు వేస్తున్నాను."

విప్పి చూస్తే అది నిక్షేపంగా ఉంది. అయినా మా ఆవిడ దాన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. కొత్తది తెచ్చి, పెరట్లో కొట్టి చూపిస్తేనే ఒప్పుకుంది.

యజమాని ఏం చేశారో ముందే చెప్పేస్తాను. నన్ను తీసేయలేదు. ఆరు నెలల పాటు ట్యాగుల మీద నా సంతకం ఆపేశారు. నేను నింపినవి కూడా వర్క్‌షాప్‌లోని మంగళగిరి ఆవిడ చూసి, ఆవిడే సంతకం పెట్టాలి. మొదటి వారం నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం నేను సిలిండర్లు వరసగా పెడితే, ఆవిడ టార్చి పట్టుకుని వస్తుంటే పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడేవాణ్ని. మూడో నెలకు అలవాటైంది. ఆరో నెలకు, నా గడువు తీరాక కూడా, ఇద్దరి సంతకాలూ ఉండాలని నేనే వెళ్లి యజమానిని అడిగాను. ఇప్పటికీ అక్కడ అదే పద్ధతి.

ఇక చీమకుర్తి.

మర్నాడు పొద్దున్నే, ఆ పోటీ షాపు నుంచే మళ్లీ అడిగి తెచ్చిన పదహారు సిలిండర్లతో బయలుదేరాను. గ్రానైట్ లారీల వెనక దుమ్ము తింటూ యూనిట్‌కు చేరేసరికి పదయింది. కోత మిషన్ల మోత, ఎక్కడ చూసినా రాతి పొడి కలిసిన బూడిదరంగు బురద. సూపర్‌వైజరుకు వచ్చిన పని చెప్పి, గోడల మీదివి ఒక్కొక్కటే దించుతున్నాను. జనరేటరు గది బయట ఉన్న సిలిండరు గేజీలో ముల్లు సున్నా మీద ఉంది. పిన్ను లేదు. ట్యాగు మీద నా సంతకం ఉంది.

"దీన్ని ఎవరైనా వాడారా?"

"ఓ, అదా" అని సూపర్‌వైజరు పెద్దగా నవ్వాడు. "రెండు వారాల కింద వెల్డింగు నిప్పురవ్వ పడి జనరేటరు పక్కన ఆయిలు గుడ్డలు, గోతాలు అంటుకున్నాయండి. మా పాలిషింగ్ ఆపరేటరు ఉన్నాడు, కనిగిరి అవతల నుంచి వచ్చినోడు. అది పట్టుకుని పరిగెత్తాడు. వాడటం రాలా. గాలంతా పోగొట్టాడు. అప్పట్నుంచి వాణ్ని అందరూ ఫైరింజనని పిలుస్తన్నారు." తరవాత గదిలోకి కేకేశాడు. "ఒరేయ్ ఫైరింజనూ, ఇట్రా!"

ముప్పై అయిదేళ్ల మనిషి బయటకు వచ్చాడు. కుడి చేతికి వేళ్ల దాకా మురికి కట్టు. సిలిండరు పని చేయకపోతే దాన్ని పారేసి, డీజిలు డ్రమ్ముల వైపు పాకుతున్న గోతాలను చేత్తో పట్టి బయటకు లాగాడట. మిగతావాళ్లు రాతి బురద ఎత్తిపోసి ఆర్పారట. వాడిన సిలిండరును మళ్లీ తీసుకెళ్లి అదే మేకుకు తగిలించారు.

నన్ను చూసి ఆ మనిషే ముందు మాట్లాడాడు.

"నేను చెడగొట్టలేదన్నా. పిన్ను లాగినా. పిడి నొక్కినా. ఏందో నాకు చేతగాలా."

ముప్పై రెండేళ్లలో నన్ను తిట్టినవాళ్లున్నారు, యజమానికి నా మీద ఫిర్యాదులు రాసినవాళ్లున్నారు. అవేవీ నాకు ఇప్పుడు గుర్తు లేవు. చేయి కాల్చుకుని, నాకు చేతకాలేదని నాకే సంజాయిషీ చెప్పిన ఆ మనిషి గొంతు మాత్రం చెవిలోనే ఉంది. తప్పు నాది. రెండు వారాలుగా మోస్తున్నది అతను.

అక్కడే గ్యాస్ ఏమీ మిగల్లేదని చూసుకుని సిలిండరు విప్పాను. తలకిందులు చేశాను. ఏమీ రాలలేదు. సూపర్‌వైజరును దగ్గరకు పిలిచి లోపల చేయి పెట్టమన్నాను.

"ఏందండీ ఇది, రాయిలా ఉంది?"

"అది మెత్తగా ఉండాలి. తడిగా ఉండగా నేను నింపాను. అందుకే గడ్డ కట్టింది. ఈయన అంతా సరిగ్గానే చేశాడు. దీన్ని ఎవరు పట్టుకున్నా ఇంతే అయ్యేది, నేను పట్టుకున్నా."

సూపర్‌వైజరు నవ్వు ఆగిపోయింది. ఆ మనిషి నా మొహం వైపు, గడ్డ వైపు మార్చి మార్చి చూశాడు. కోప్పడితే బాగుండుననిపించింది.

అతన్ని తీసుకుని ఒంగోలు ఆస్పత్రికి వెళ్లాను. కట్టు విప్పి చూసిన డాక్టరు, ఇంకో నాలుగు రోజులు ఇలాగే వదిలేస్తే రెండు వేళ్లు ముడుచుకుపోయేవని కోప్పడింది. నయమయ్యేదాకా వైద్యం మా కంపెనీదేనని అక్కణ్నుంచే యజమానికి ఫోన్ చేసి చెప్పాను, అడగలేదు. ఆయన సరే అన్నారు. దారిలో ఆ మనిషి ఒక్కసారే మాట్లాడాడు.

"అందరి ముందూ చెప్తావా అన్నా? సూపర్‌వైజరొక్కడికి చెప్తే చాలదు."

తిరిగి యూనిట్‌కు వచ్చేసరికి నాలుగు. షిఫ్టు మారే వేళ. పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ యార్డులో నిలబెట్టమన్నాను. ఇనప తట్టలో గోతం ముక్కలు, కాస్త పాత ఆయిలు వేసి అంటించాను. జరిగింది మొదటి నుంచి చెప్పాను: ముసురు, తడి, నా తొందర, నా సంతకం. గడ్డ కట్టిన పొడిని చేతి నుంచి చేతికి అందించాను. ఒకడు దాన్ని గోరుతో గీకి చూసి పక్కవాడికిచ్చాడు.

తరవాత, తెచ్చిన పదహారింటిలో ఏది కావాలో ఎంచుకోమని ఆ మనిషికి చెప్పాను. చివరిది చూపించాడు. కుడి చేయి కొత్త కట్టులో ఉంది. పైపు కొసను నేను పట్టుకుంటానన్నాను. వద్దన్నాడు. సిలిండరును కింద నిలబెట్టి మోకాళ్ల మధ్య బిగించాడు, పైపును కుడి చంక కింద ఇరికించి మంట వైపు తిప్పాడు, ఎడమ చేత్తో పిన్ను లాగాడు, పిడి నొక్కాడు.

తెల్లటి పొడి ఒక్క ఊపున లేచింది. తట్ట కనపడలేదు, మంట కనపడలేదు, కాసేపు ఎదురుగా నిలబడ్డవాళ్లు కూడా కనపడలేదు. పొడి కిందికి దిగాక చూస్తే తట్టలో పొగ కూడా లేదు.

అతను నా వైపు చూడలేదు. సూపర్‌వైజరు వైపు తిరిగాడు, తరవాత తన పక్కన పనిచేసేవాళ్ల వైపు.

"చూసినారు గదా. నాకు వచ్చు."

వెనక నుంచి ఒకడు "వచ్చు రా, వచ్చు" అన్నాడు మెల్లగా.

అతను మోకాళ్ల మధ్య సిలిండరును వదల్లేదు.

"ఇంకా ఉన్నట్టుందన్నా లోపల. మళ్లీ అంటించు" అన్నాడు.

అంటించాను.